రోడ్డెక్కిన పడవ

మా మండలాఫీసు గేటు పక్కన రేకుల పంచ కింద కూర్చుని ముప్పై ఒక్క ఏళ్ళుగా అర్జీలు రాస్తున్నాను. నా పేరు జగన్నాథరావు. ఇప్పుడంతా ఆన్‌లైన్ అంటున్నారు, సచివాలయం అంటున్నారు, అననివ్వండి. కంప్యూటర్లో ఎక్కించే అర్జీకైనా ముందు విషయం ఏంటో ఎవరో ఒకరు తిన్నగా రాయాలి కదా! ఈ చుట్టుపక్కల అలా రాసేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది గొప్పకి చెప్పుకోవడం కాదు. సరే, కొంచెం గొప్పకే.

ఆ గొప్పే కిందటేడు ఒక పిల్ల చదువు మీదికి తెచ్చింది. అందులో నా తప్పెంతో దాచుకోకుండా చెప్తాను.

జూన్ నెల, సోమవారం. ముగ్గురొచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. భీమరాజు, అతని భార్య తలుపులమ్మ, కూతురు వీరదుర్గ. గోదావరి మీద చేపలు పట్టుకుని బతికే మనుషులు. ఇల్లంటూ లేదు, పడవలోనే కాపురం. పడవ మా స్నానాల రేవుకి కొంచెం కింద కట్టి ఉంటుంది. పొయ్యి అందులోనే, పడక అందులోనే, ఆ పిల్ల పదో తరగతి చదివిందీ అందులోనే. మంచి మార్కులతో పాసయింది. చేపల పెంపకం నేర్పే పాలిటెక్నిక్‌లో చేరతానంటోంది. శుక్రవారం రాజమండ్రిలో సర్టిఫికెట్లు చూస్తారు. లోకల్ అయితే ఆ మార్కులకి సీటు ఖాయం. నాన్‌లోకల్ అయితే ఆశ వదులుకోవడమే.

"మరి లోకలేగా? ఏంటి సందేహం?" అన్నాను.

"అక్కడే ఉందండి గొడవంతా," అంది తలుపులమ్మ.

గొడవ ఇది. ఇరవై రెండేళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో, ఈ మొగుడూ పెళ్ళాం పడవ వేసుకుని ఎగువకి పోయారు, భద్రాచలం దాటి ఇంకా పైకి. పిల్ల అక్కడే పుట్టింది, అక్కడే బడికెళ్ళింది. ఈలోగా రాష్ట్రం రెండయింది. అక్కడ చేపలు పట్టుకునే కార్డు అడిగితే, మీరు దిగువోళ్ళు, ఇక్కడివాళ్ళు కాదు అన్నారట. కార్డు లేనివాడు వల వేస్తే ఊరుకోరు. పదేళ్ళు ఎలాగో నెట్టుకొచ్చారు. ఇక కుదరక కిందికి వచ్చేస్తే, మా రేవు పడవలవాళ్ళు వాళ్ళకి 'ఎగువోళ్ళు' అని పేరు పెట్టారు.

నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదు గానీ ఈ అవస్థ మాకూ కొత్త కాదు. జిల్లాలు మార్చినప్పుడు నిడదవోలుతో సహా ఈ గట్టు గట్టంతా ఒక రాత్రి పశ్చిమగోదావరిలో పడుకుని తెల్లారి తూర్పుగోదావరిలో లేచాం. పడమటి గట్టున కూర్చుని తూర్పు జిల్లా అని రాయడానికి నా చెయ్యి ఆర్నెల్లు మొరాయించింది.

"అక్కడే ఉండిపోతే పిల్ల అక్కడ లోకలే కదయ్యా?" అని భీమరాజుని అడిగాను.

అతను తల ఎత్తలేదు. "ఆయ్. నా వల కోసం దాని చదువు నీళ్ళల్లో పోసేనండి," అన్నాడు.

అలా అన్నాక నేను ఊరుకోగలనా? నాకు కోపం ఎంత తొందరగా వస్తుందో జాలీ అంతే తొందరగా వస్తుంది. "దారి ఉందయ్యా!" అని బల్ల చరిచాను. దారి నిజంగానే ఉంది. రాష్ట్రం విడిపోయిన నాటి నుంచి పదేళ్ళలోపు అక్కడి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళని స్థానికులుగానే చూస్తారు. ఆ పదేళ్ళూ రెండువేల ఇరవైనాలుగు జూన్ మొదట్లో నిండాయి. వీళ్ళు వచ్చింది ఆ ఏడు మే నెల ఇరవై ఎనిమిదిన. నాలుగు రోజుల తేడాలో గడువులో పడ్డారు.

చిక్కల్లా రుజువు దగ్గరే. పిల్ల పాత బడి ఇచ్చిన టీసీ మీద జూన్ పదమూడు అని ఉంది. ఎండాకాలం సెలవుల్లో బడి మూసి ఉంటే, తెరిచాక తండ్రి బస్సులో వెళ్ళి తెచ్చాడు. కాగితం చూసినవాళ్ళు గడువు దాటాకే వచ్చారంటారు. పడవకి కరెంటు బిల్లు రాదు, ఇంటి పన్ను రాదు.

"మేలో వచ్చారు సరే. ఎలా వచ్చారు?"

తలుపులమ్మ మొగుడి కేసి చూసింది. భీమరాజు గొంతు సవరించుకున్నాడు. "నీళ్ళ మీదేనండి. ఆయ్."

అంతే, నా కలానికి పూనకం వచ్చింది. 'పావన గోదావరీ మాత ఒడిలో, నదీమార్గమున, భార్యాబిడ్డలతోడను తట్టాబుట్టలతోడను తమ పడవయందు తరలివచ్చి, ఈ గడ్డను చేరుకొని' అని పేజీన్నర రాశాను. చదివి వినిపిస్తే పక్కన పాసుపుస్తకం కోసం వచ్చిన రైతు కళ్ళు తుడుచుకున్నాడు. తలుపులమ్మ మాత్రం నేలచూపులు చూస్తూ నిలబడింది. నా తెలుగుకి చలించిపోయిందనుకున్నాను.

మంగళవారం పొద్దున్నే ఆ అర్జీ డిప్యూటీ తహశీల్దారు హేమశ్రీ గారి బల్ల మీదికి చేరింది. ముప్పై ఏళ్ళ మనిషి. ఎవరి కాఫీ తాగదు, ఎవరి మాటా ఊరికే నమ్మదు. అర్జీ రెండుసార్లు చదివి నన్ను లోపలికి పిలిపించింది.

"జగన్నాథరావు గారూ, మీరు రాసిందేనా ఇది?"

"ఆహా, నేనేనండి," అన్నాను, మెచ్చుకోబోతోందని.

"పోలవరం ఎప్పుడైనా వెళ్ళారా?"

"బస్సెక్కితే గంట దూరం మేడం, వెళ్ళకేం?"

"అక్కడ గోదావరికి అడ్డంగా ఏం ఉందండి?"

నాలుగేళ్ళుగా అక్కడ నదిని అడ్డంగా కట్టేశారు. నీళ్ళు గేట్లలోంచి దిగుతాయి, పడవ దిగదు. పట్టిసీమ దాకా వెళ్ళిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. 'నదీమార్గమున' అన్న మాట చెవికి ఇంపుగా ఉంటే ఆనకట్ట గుర్తుకు రాలేదు. ముప్పై ఏళ్ళలో ఇంత పెద్ద పప్పులో ఎప్పుడూ కాలెయ్యలేదు.

"పడవ ఆ గోడ మీంచి ఎగిరొచ్చిందా?" అంది హేమశ్రీ గారు. గొంతు పెంచలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. "అర్జీలోనే అబద్ధం ఉంటే నేను సంతకం పెట్టలేను. రేపు సాయంత్రం దాకా టైమిస్తాను. వాళ్ళు ఎప్పుడొచ్చారో, ఎలా వచ్చారో, రుజువుతో తీసుకురండి."

తిన్నగా రేవుకి వెళ్ళాను. ముందు గంగాధర్ కనిపించాడు. మా రేవులో పడవలన్నిటికీ పెద్ద అతనే, అతను చెప్పిందే మాట.

"ఒరే గంగాధర్, ఈ భీమరాజు వాళ్ళు కిందటేడు ఎలా వచ్చారురా?"

"నీళ్ళ మీదొచ్చారండి," అని వల వైపు తిరిగిపోయాడు.

"పోలవరం కట్ట మీంచి దూకారా?"

"నీళ్ళ మీదేనండి," అన్నాడు మళ్ళీ, మొహం చూపించకుండా. పక్క పడవవాణ్ణి అడిగాను. వాడూ నీళ్ళ మీదే అన్నాడు. ఆ పక్కవాడూ అంతే. ఒక రేవు రేవంతా నా చెవిలో పువ్వులు పెడుతుంటే ఒళ్ళు మండిపోయింది. భీమరాజు పడవ దగ్గరికి వెళ్ళి గట్టు మీద నిలబడి అరిచాను. పిల్ల బతుకు పాడు చేస్తున్నావన్నాను, నా పరువు తీశావన్నాను, ఇంకా ఇక్కడ రాయకూడనివి రెండు మూడు అన్నాను. అతను వల అల్లే కండె చేతిలో పట్టుకుని వింటూ కూర్చున్నాడు గానీ నోరు విప్పలేదు.

తలుపులమ్మ గట్టెక్కి నన్ను పక్కకి తీసుకెళ్ళింది.

"రావుగారండీ, ఆయన్ని తిట్టకండి. ఆయన నోటంట రాదండి అది. మా వాళ్ళల్లో ఎవరి నోటంటా రాదండి."

"ఏది రాదమ్మా?"

కొంగు నలుపుకుంటూ చెప్పింది. వాళ్ళలో పడవ నేల మీద ప్రయాణం చెయ్యకూడదు. చెక్కలు పుచ్చి, పనికిరాక, కట్టెలు కొట్టడానికి మోసుకుపోయేటప్పుడే పడవ రోడ్డెక్కుతుంది. అంటే పడవకి అది పాడె. తప్పనిసరై బతికున్న పడవని రోడ్డెక్కిస్తే దాని ముక్కుకి ఇంటి ఇల్లాలి చీర కట్టాలి, అది దారి చూడకుండా. మళ్ళీ నీళ్ళలో దింపాక ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. పడవ గలాయన ఎత్తితే తప్ప మిగతావాళ్ళు అసలే ఎత్తకూడదు. నోటితో అంటే పడవ నీళ్ళని మరిచిపోతుందని వాళ్ళ నమ్మకం.

అప్పుడు నాకు వెలిగింది. "అయితే లారీ మీద తెచ్చారా?"

ఆవిడ ఔననలేదు, కాదనలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇదంతా పడవలోంచి వీరదుర్గ వింటోంది. పదహారేళ్ళ పిల్ల. లేచి తండ్రి ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, ఏడాది బట్టి మన పడవ నీళ్ళ మీదే ఉంది. మరిచిపోయిందా?"

భీమరాజు చేతిలో కండె కింద పెట్టాడు.

"నువ్వు చెప్పకపోతే నేను చెప్పను నాన్నా. కానీ ఫోన్ చేసుకుంటాను," అని గట్టెక్కి, తల్లి చేతిలో ఫోన్ తీసుకుని ఆ లారీ డ్రైవరుకి చేసింది. అతని పేరు ఎజ్రా. స్పీకర్ పెట్టింది.

"ఎవరూ? ఆ పడవ వాళ్ళా!" ఎజ్రా గొంతు గట్టంతా వినిపించింది. "మిమ్మల్ని నేను జన్మలో మరిచిపోనమ్మా! మీ పడవ తోక వెనకాల ఆరడుగులు పొడుచుకొచ్చిందని నా బండికి చలానా వేశారు. ఫోటోతో సహా ఇంకా నా ఫోన్లోనే ఉంది."

నేను ఆ పిల్ల చేతిలోంచి ఫోన్ లాక్కున్నంత పని చేశాను. "ఆ చలానా పంపించు నాయనా, నీకు పుణ్యం ఉంటుంది!"

రెండు నిమిషాల్లో వచ్చింది. ఫోటోలో లారీ వెనకభాగం. పడవ తోక బయటికి వచ్చి ఉంది, దానికి ఎర్రగుడ్డ కట్టి ఉంది. ముక్కు వైపు చీర చుట్టి ఉంది. పడవ మీద చాపలు, గ్యాసు పొయ్యి, వలల మూటలు. భీమరాజు అటు తిరిగి కూర్చున్నాడు. తలుపులమ్మ మొహం నిండా కొంగు కప్పుకుంది. పిల్ల మాత్రం కెమెరా కేసి సూటిగా చూస్తోంది. కింద తేదీ, రెండువేల ఇరవైనాలుగు మే ఇరవై ఎనిమిది, పొద్దున్న ఆరూ నలభై. చోటు ఆంధ్రాలోనే, జంగారెడ్డిగూడెం దాటాక.

గట్టు మీదే ఎగిరి గంతేశాను. అరవై ఏడేళ్ళ మనిషిని, నిజంగానే గంతేశాను.

బుధవారం సాయంత్రం నాలుగింటికి అందరం హేమశ్రీ గారి ముందు నిలబడ్డాం. ఆఫీసు హాలు కిటకిటలాడుతోంది. చేపల చెరువుల లీజు పని మీద గంగాధర్, మా రేవు వాళ్ళు ఏడెనిమిది మంది గోడవారగా నిలబడి ఉన్నారు. వాళ్ళని చూసి భీమరాజు మొహం నల్లబడింది.

హేమశ్రీ గారు చలానా నంబరు తనే కంప్యూటర్లో కొట్టి సరిచూసింది. ఫోటో పెద్దది చేసి చూసింది. వీరదుర్గ మొహం కేసి చూసింది, మళ్ళీ ఫోటో కేసి చూసింది.

"అమ్మాయి ఉంది, నిజమే. చలానా కూడా అసలుదే. కానీ ఇది మీ పడవే అని ఎలా తెలుస్తుంది? పేరు ఉండాల్సిన చోట చీర కప్పేశారు. ఇంకెవరి పడవో తెస్తూ మీరు ఎక్కి ఉండచ్చు. వచ్చి ఇక్కడే దింపారా, వెనక్కి వెళ్ళారా?"

"మేడం, అసలు సంగతి ఏంటంటే..." అని నేను అందుకోబోయాను.

"మీరు కాదండి. మీరు నిన్న నదీమార్గమున అన్నారు." నా నోరు మూతపడింది. ఆవిడ భీమరాజు కేసి తిరిగింది. "భీమరాజు గారూ, అర్జీ మీది. నీళ్ళ మీద వచ్చారా, రోడ్డు మీద వచ్చారా? మీ నోటితో మీరు చెప్పండి, రాసుకుంటాను."

గోడవారగా ఉన్న పడవల వాళ్ళంతా తలలు దించుకున్నారు. తలుపులమ్మ కళ్ళు మూసుకుంది. వీరదుర్గ తండ్రి చెయ్యి పట్టుకోలేదు, బతిమాలలేదు, ఊరికే పక్కన నిలబడింది. ఇక ఇతను చెప్పడు, అయిపోయింది అనుకున్నాను.

భీమరాజు భుజం మీద తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రోడ్డు మీదొచ్చిందండి," అన్నాడు.

మళ్ళీ అన్నాడు, ఈసారి హాలంతా వినేలా.

"నా పడవ రోడ్డు మీదొచ్చిందండి. మా తాత కట్టిన పడవ. చెక్కలు పుచ్చలేదు, చావలేదు, బతికున్న పడవని నా చేత్తో నేనే లారీ ఎక్కించేను. ముక్కుకి మా ఆడదాని పెళ్ళిచీర కట్టేను. అదేనండి ఆ చీర. దారంతా నేను అటు తిరిగి కూకున్నాను, దాని మొహం చూళ్ళేక. పిల్లని చదివిద్దామని, వల వేసుకుని బతుకుదామని తెచ్చేను. ఈ రేవులోనే దింపేను. అబద్ధం రాయించింది నేనేనండి. రావుగారి తప్పు లేదు, పిల్ల తప్పు అసలే లేదు. ఆయ్."

హేమశ్రీ గారు కలం పట్టుకునే ఉంది, రాయడం లేదు.

అప్పుడు గోడవారగా కదలిక. గంగాధర్ ముందుకొచ్చాడు.

"మేడం గారండీ, మేం దింపేమండి."

"ఏంటి?"

"పడవని లారీ మీంచి మేమే దింపేమండి. పన్నెండు మందిమి భుజాలిచ్చేం. ఆ ఇరవై ఎనిమిదో తారీఖునే, పొద్దున్న పదింటికి. ఆ చీర విప్పింది మా ఆవిడే. ఆయన నోరు విప్పకుండా మేం చెప్పకూడదండి. ఏడాది బట్టి మా పెళ్ళాల దగ్గర కూడా ఎత్తలేదు. ఇప్పుడాయనే అనేసేడు గాబట్టి అంటన్నాం."

"ఆయ్, నేనూ ఉన్నానండి," అన్నాడు వెనకాల ఒకడు.

"ఎడమపక్క అంచు నేను పట్టుకున్నానండి."

"నా భుజం కొట్టుకుపోయిందండి ఆ రోజు," అని ఇంకొకడు చొక్కా తొలగించి మచ్చ చూపించబోయాడు. హేమశ్రీ గారు వద్దు వద్దని నవ్వేసింది. ఏడేళ్ళ ఉద్యోగంలో ఆవిడ ఆఫీసులో నవ్వడం అదే మొదలేమో, బంట్రోతు గుమ్మంలోంచి తొంగిచూశాడు.

నిన్న ఈ మనుషుల మీద నేను మండిపడ్డాను. ఎగువోళ్ళు అని పేరు పెట్టి వేరుగా చూస్తున్నారనుకున్నాను. వాళ్ళు మాత్రం ఆ మనిషి సిగ్గుని ఏడాది పాటు తమ సిగ్గులా దాచిపెట్టారు. పేర్లు పెట్టడం ఎలాగూ పెడతారు, రేవులో నాకూ ఒక పేరుంది, అది ఇక్కడ చెప్పను. నా కోపానికి నేనే సిగ్గుపడ్డాను.

హేమశ్రీ గారు కొత్త కాగితం తీసుకుని తనే రాసింది. ఏడుగురు సాక్షుల వాంగ్మూలం తీసుకుంది. వచ్చిన మార్గం అన్నచోట ఆగి, ఒకసారి నా కేసి చూసి, పైకి చదువుతూ రాసింది. "రోడ్డు మార్గమున, పడవతో సహా."

నా పేజీన్నర వర్ణన అంతా కలిపినా ఆ నాలుగు మాటలకి సరిరాదని ఒప్పుకుంటున్నాను.

ఆ సాయంత్రం సర్టిఫికెట్ మీద సంతకం, గుండ్రటి ముద్ర పడ్డాయి. బయటికొచ్చాక గంగాధర్ వాళ్ళు భీమరాజు భుజం మీద చెయ్యేసి రేవుకి తీసుకుపోయారు. అతను పడవ దగ్గర చాలాసేపు నిలబడి అంచు తడుముతూ ఉండిపోయాడని, చీకటి పడకముందే వల వేసుకుని ఎప్పట్లాగే నది మీదికి వెళ్ళాడని తలుపులమ్మ తర్వాత చెప్పింది.

శుక్రవారం నేనూ వాళ్ళతో రాజమండ్రి వెళ్ళాను. నన్ను ఎవరూ రమ్మనలేదు. చూడకుండా ఇంట్లో కూర్చుంటే నాకు అన్నం సయించేది కాదు. హాల్లో వందమంది పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు. పేర్లు పిలుస్తున్నారు. ఒక్కో పిల్లనీ టేబుల్ దగ్గర కూర్చున్నావిడ తల ఎత్తకుండా అడుగుతోంది, లోకలా, నాన్‌లోకలా అని. పిల్లలే చెప్తున్నారు. తల్లిదండ్రులు వెనకాల నిలబడుతున్నారు.

వీరదుర్గ పేరు పిలిచారు. పిల్ల వెళ్ళి కాగితాలు బల్ల మీద పెట్టింది. వెనకాలే భీమరాజు కూడా, ఉతికిన చొక్కా తొడుక్కుని, వద్దన్నా వినకుండా టేబుల్ దాకా వెళ్ళి నిలబడ్డాడు.

"లోకలా, నాన్‌లోకలా?" అంది ఆవిడ.

పిల్ల నోరు తెరిచేలోపే భీమరాజు అందుకున్నాడు. పదేళ్ళు ఒక గట్టున దిగువోడు, ఒక ఏడాది ఇంకో గట్టున ఎగువోడు అనిపించుకున్న మనిషి, నదికి అటువైపు ఉన్నవాళ్ళని కేకేసి పిలిచే గొంతుతో, హాలంతా తల తిప్పి చూసేలా చెప్పాడు.

"లోకలండి! మేం లోకలండి!"

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ తల ఎత్తి అతని కేసి ఒకసారి చూసి, సర్టిఫికెట్ చూసి, పిల్ల పేరు పక్కన టిక్కు పెట్టింది.